సముద్రము దాటిన సంబంధములు

బోధాయనుడు తన ధర్మసూత్రముల తొలి భాగముననే ఒక విచిత్రమైన పట్టిక నిచ్చెను. దక్షిణాపథమువారికి చెల్లు ఆచారములు ఐదు, ఉత్తరాపథమువారికి చెల్లు ఆచారములు ఐదు అని విభజించి, మేనమామ కూతురిని, మేనత్త కూతురిని పెండ్లాడుటను దక్షిణాదివారి లెక్కలో వ్రాసెను. ఉత్తరాదివారి లెక్కలో కడపట సముద్రయానమును వ్రాసెను. ఒకచోటి ఆచారమును మరియొకచోట నడపువాడు దోషి యగుననియు, ఆయా ఆచారమునకు ఆయా దేశమే ప్రమాణమనియు చెప్పెను. గౌతముడు దీనికి ఒప్పుకొనలేదని కూడ ఆయనయే తెలిపెను.

శ్రోతలారా! ఈ రెండు ఆచారములును ఒక్కచోట ప్రక్కప్రక్కన నిలుచుట ఆలోచింపదగిన విషయము. మేనరికము మనది, సముద్రయానము మనది కాదు అని సూత్రకారుడు వ్రాసెను. నేడు మన విశాఖపట్టణ ప్రాంతమున మేనరికములు తగ్గినవి. కొడుకో కూతురో సముద్రము దాటి పోని వీధి అరుదుగా కనబడుచున్నది. దేశమే ప్రమాణమైనచో, దేశము మారిన కుటుంబమునకు ఏ దేశము ప్రమాణము? విడిచి వచ్చినదా, చేరినదా? తిండి విషయమునను, బట్ట విషయమునను తలిదండ్రులు మెల్లగా సర్దుకొందురు. బిడ్డల పెండ్లి మాట వచ్చిననాడు మాత్రము ఈ ప్రశ్న గడపకు అడ్డముగా నిలుచును. 1987లో వచ్చిన ఒక తెలుగు చలనచిత్రము దీనినే నవ్వించుచు, కంట తడి పెట్టించుచు అడిగినది. ఆ చిత్రమును గూర్చి చెప్పుటకు ముందు, ఆ ప్రశ్న మన తీరమున ఎట్లు పుట్టి పెరిగినదో కొంత చరిత్ర విన్నవింతును.

బోధాయనుడు మరియొకచోట పతనమునకు హేతువులగు పనులను లెక్కించుచు సముద్రయానమునే మొదట చెప్పెను. సముద్రయాయిని శ్రాద్ధమునకు పిలువరాదని మనువు చెప్పెను. కాని ఆ మనువే ఓడ వర్తకమునకు వడ్డీ నిర్ణయించునప్పుడు సముద్రయానమున నేర్పరులైనవారి మాట ప్రమాణమనెను. దీనినిబట్టి సముద్రము దాటువారు ఎల్లకాలమును ఉండిరని తెలియుచున్నది. వారి లెక్కలు సమాజమునకు కావలెను. వారితో పంక్తి మాత్రము కూడదు. పంక్తి లేనిచోట వియ్యము లేదు గదా! కావున సముద్రయాన నిషేధము బరువు ఓడమీద కంటె ఎక్కువగా సంబంధముమీద పడినది.

ఈ శాస్త్రచర్చలతో నిమిత్తము లేని శ్రమజీవులు మన తీరమునుండి వేలకొలది సముద్రము దాటిరి. 19వ శతాబ్దపు ఉత్తరార్ధమునుండి కళింగపట్టణము, భీమునిపట్టణము, విశాఖపట్టణము, కాకినాడ రేవులలో పొగయోడలు ఎక్కి రంగూనునకు పోయిరి. మనవారు ఆ పట్టణమును రంగమనిరి. బర్మావారు మనవారిని, కోరంగి రేవు పేరునుబట్టి, కోరంగీలనిరి. వరికోతలు, ధాన్యపు మరలు, రేవులో మోత పని వారికి జీవనాధారములు. విశాఖలో లోపలి ఓడరేవు 1933లో ప్రారంభమైనది. అంతకుముందు ఓడలు దూరముగా సముద్రములో నిలువగా, జనులు మసూలా పడవలలో అలలు దాటి ఎక్కవలసి వచ్చెడిది.

రంగమునకు పోయినవారిలో పురుషులే బహుళము. కొందరు పెండ్లాడి, భార్యను అత్తవారింట విడిచి పోయిరి. కొందరు ఓలి సొమ్ము సంపాదించుకొని వచ్చి పెండ్లాడిరి. కొందరు అక్కడనే బర్మా స్త్రీలను చేపట్టిరి. 1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీలకును బర్మా కూలీలకును ఘోరమైన కలహము జరిగినది. 1942లో జపానువారి దండయాత్రకు వెరచి వేలకొలది జనులు అడవులలో, కొండలలో నడిచి స్వదేశము చేరవలసి వచ్చినది. 1962లో అక్కడ సైనిక ప్రభుత్వము ఏర్పడిన పిమ్మట మరల ఎందరో తిరిగి వచ్చిరి. విశాఖలో కంచరపాలెము ప్రక్కనున్న బర్మా క్యాంపు పేరు ఆ రాకకు గుర్తు. తెలుగు మాటాడుచు తెలుగునేల నెరుగని యువతీయువకులకు సంబంధములు వెదకుట ఆ పెద్దలకు ఎంత చింత యై యుండునో మనము ఊహింపవచ్చును.

రంగము దగ్గరి దూరము. పోయినవాడు తిరిగి వచ్చు ఆశ కలదు. నేటాలు, ఫీజీ అట్టివి కావు. 1860 నవంబరు 16వ తేదీన చెన్నపట్టణమునుండి ట్రూరో అను ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బను రేవు చేరినది. అది మొదలు 1911 వరకు ఒప్పందపు కూలీలు నేటాలు చెరకు తోటలకు పోయిరి. వారిలో మన తెలుగువారును ఉండిరి. చెన్నపట్టణమునుండి ఫీజీ దీవులకు కూలీలను పంపుట 1903లో మొదలైనది. నూరుగురు పురుషులకు నలువదిమంది స్త్రీలుండవలెనని అక్కడి నిబంధన. నూటికి అరువదిమంది పురుషులకు పెండ్లి యోగమే లేదని దాని అర్థము! ఇట్టి చోట కులము, గోత్రము, శాఖ చూచుట ఎట్లు సాగును? తెలుగువాడు అరవపిల్లను, అరవవాడు హిందుస్తానీపిల్లను చేపట్టిరి. ఒప్పందపు కూలీలను పంపుట 1917లో ఆగినది; ఫీజీలో మిగిలిన ఒప్పందములు 1920 జనవరి 1న రద్దయినవి. అప్పటికి ఒక క్రొత్త సమాజము అక్కడ నిలిచిపోయినది.

దక్షిణాఫ్రికాలో మరియొక కష్టము వచ్చినది. 1913 మార్చి 14వ తేదీన కేపు కోర్టులో సెర్లు అను న్యాయమూర్తి, క్రైస్తవ పద్ధతిని జరుగని వివాహములు ఆ దేశపు చట్టము ముందు చెల్లవని తీర్పు చెప్పెను. మంగళసూత్రము కట్టించుకొన్న ఇల్లాలు ఒక్క దినమున భార్య కాకపోయినది. ఆమె బిడ్డలు వారసులు కాకపోయిరి. మహాత్ముడు నడపిన సత్యాగ్రహములో స్త్రీలు చెరసాలకు పోవుటకు ఇది ముఖ్య కారణమైనది. 1914లో చేసిన చట్టముతో మన వివాహములకు అక్కడ గుర్తింపు లభించినది. పరదేశమున తమ పెండ్లి పెండ్లియే అని ఒప్పించుకొనుటకు మనవారు జైలు కూడు తినిరి. నేడు పరదేశములనున్న తలిదండ్రులు పెండ్లి తంతు విషయమున అంత పట్టుదల చూపినచో దానిని వట్టి చాదస్తమని త్రోసివేయరాదు. ఆ పట్టుదల వెనుక ఇట్టి చరిత్ర కలదు.

ఇక ఇంటివద్దనున్నవారి పెండ్లిండ్లు ఎట్లుండెనో చూతము. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి, 1897లో అచ్చయినది. విజయనగరము అప్పుడు విశాఖపట్టణము జిల్లాలోనిదే. ఆ జిల్లాలోని బ్రాహ్మణ కుటుంబములలో మూడేండ్లలో జరిగిన కన్యాశుల్క వివాహములను మహారాజావారు లెక్క వ్రాయించగా 1034 తేలినవని అప్పారావుగారు పీఠికలో తెలిపిరి. ఐదేండ్ల పిల్లలు 99 మంది, నాలుగేండ్లవారు 44 మంది, మూడేండ్లవారు 36 మంది, రెండేండ్లవారు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు! కన్యకు శుల్కము గ్రహించి చేయు పెండ్లి ఆసురమని మనువు చెప్పెను. తండ్రి అణుమాత్రమును శుల్కము గొనరాదనెను. శాస్త్రము తెలిసినవారే శాస్త్రమును తప్పిరి. దీనిని మాన్పుటకు అప్పారావుగారు ఉపన్యాసము చేయలేదు. మగపిల్లవానికి ఆడువేషము వేసి లుబ్ధావధాన్లకు పెండ్లికూతురిగా అమ్మించి, జిల్లానంతయు నవ్వించిరి.

తరువాత ఏమైనది? కన్యాశుల్కము పోయి దాని స్థానమున వరశుల్కము కూర్చున్నది. నిన్న పిల్ల తండ్రి గ్రహించిన సొమ్మును నేడు పిల్లవాని తండ్రి గ్రహించుచున్నాడు. 1929లో శారదా చట్టము వచ్చి పిల్లకు పదునాలుగేండ్లు, పిల్లవానికి పదునెనిమిదేండ్లు నిండవలెనన్నది. 1978లో చేసిన సవరణతో అది పదునెనిమిది, ఇరువదియొకటి యైనది. 1961లో కట్నమును నిషేధించు చట్టము వచ్చినది. మా తాతల నాట సనాతనమనుకొన్నది మా నాటికి నేరమైనది. పెండ్లి ఆచారము మారదని చెప్పువారు ఈ జిల్లా చరిత్రను ఒకమారు చూడవలెను.

ఇట్టి మార్పులలో అన్నిటికంటె వింతయైనది సముద్రయానపు గతి. అమెరికా దేశము 1946 వరకు భారతీయులను స్థిరనివాసమునకు దాదాపుగా రానీయలేదు. ఆ యేట ఏడాదికి నూరుగురు రావచ్చునన్నది. 1965 అక్టోబరు 3వ తేదీన అధ్యక్షుడు జాన్సను చేవ్రాలు చేసిన చట్టముతో జాతినిబట్టి పరిమితి విధించు పద్ధతి తొలగి, వైద్యులకును ఇంజనీర్లకును ద్వారము తెరువబడినది. మన విశాఖలో 1923లో వైద్యకళాశాల వెలసెను. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వాల్తేరున స్థిరపడి ఇంజనీర్లను, శాస్త్రజ్ఞులను తీర్చుచుండెను. 1971లో శంకుస్థాపన జరిగి 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారము నలుదిక్కులనుండి ఉద్యోగులను తెచ్చి, వారి బిడ్డలకు పెద్ద చదువులు చెప్పించుకొను స్తోమతు నిచ్చినది. రేవు కూలి మనుమడు కంప్యూటరు ఇంజనీరై విమాన మెక్కెను. ఒకనాడు సముద్రము దాటినవానికి పిల్ల నిచ్చువారు లేరు. ఇప్పుడు సముద్రము దాటినవానికే అందరికంటె ముందుగా పిల్ల నిత్తుమనుచున్నారు. నిషేధమే అర్హతయై కూర్చున్నది!

ఇప్పుడు చలనచిత్రమునకు వచ్చెదను. జంధ్యాలగారు దర్శకత్వము వహించిన పడమటి సంధ్యారాగం 1987లో విడుదలైనది. చాలభాగము అమెరికాలోనే చిత్రింపబడినది. సంగీతము కూర్చినవారు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యముగారు. తండ్రిగా గుమ్మలూరి శాస్త్రిగారు, కూతురు సంధ్యగా విజయశాంతిగారు నటించిరి. క్రిస్ అను అమెరికా యువకుడుగా నటించిన థామస్ జేన్ పిమ్మట ఆ దేశపు చిత్రములలో ప్రసిద్ధుడైనాడు. నిష్ఠగల తెలుగు కుటుంబము అమెరికా చేరును. అక్కడి వేషభాషలు తండ్రికి గిట్టవు. కూతురు అమెరికావానిని ప్రేమించును. తండ్రి సమ్మతింపడు. కథ ఇంతయే. ఆ రోజులలో నాకు ఇరువదియేడేండ్ల వయస్సు. క్రొత్తగా బడిపంతులు పని చేయుచుంటిని. హాలులో జనులు మొదట తండ్రి చేష్టలకు విరగబడి నవ్విరి. కడకు వచ్చుసరికి అదే తండ్రిని చూచి మౌనము వహించిరి.

ఆ చిత్రము పేరును ఒక్కమారు విప్పి చూడుడు. సంధ్య నాయిక పేరు. సంధ్య యనగా పగలు, రేయి కలిసికొను వేళ. రాగమనగా ఎరుపు, అనురాగము, పాట. పడమర యనగా సూర్యుడు క్రుంకు దిక్కు, మనవారు వలస పోయిన దిక్కు. వలసపోయిన కుటుంబమున పుట్టిపెరుగు పిల్ల స్థితి నిజముగా సంధ్యయే. ఆమె పగటికిని చెందదు, రేయికిని చెందదు, రెండింటికిని చెందును. తండ్రి ఆమెను పగటిలో నిలుపజూచును. ఊరివారు ఆమెను రేయిలో కలిసినదందురు. సంధ్య సంధ్యగానే ఉండునని ఒప్పుకొనుట ఇరువురికిని కష్టము.

తండ్రిని మూర్ఖుడని చిత్రించుట సులభము. జంధ్యాలగారు అట్లు చేయలేదు. ఆయన చిత్రించిన తండ్రికి భయము కలదు. ఊరిలోనున్న తండ్రికి ఆచారమును కాపాడుటకు వీధి కలదు, గుడి కలదు, బంధువర్గము కలదు. పరదేశమున ఆ బరువంతయు ఒక్క ఇంటి గోడలమీద పడును. అందుచేత వలసపోయినవాడు తాను విడిచిన యేటి ఊరినే మనసులో నిలుపుకొనును. ఊరు ముందుకు సాగిపోవును. అతని మనసులోని ఊరు మాత్రము అక్కడనే యుండును. ఇచ్చట మనము చేయని పట్టింపులు అచ్చట మన బంధువులు చేయుట అందుచేతనే.

మరియొక మాట కూడ చెప్పవలెను. చేరిన దేశపు ఆచారమును స్థిరమైనది కాదు. తెల్లవారికిని ఇతర వర్ణములవారికిని వివాహము కూడదని అమెరికాలో పదునారు రాష్ట్రములలో 1967 వరకు చట్టములుండెను. ఆ యేట అక్కడి అత్యున్నత న్యాయస్థానము వాటిని కొట్టివేసినది. ఆ తీర్పునకును మన సంధ్య కథకును మధ్య ఇరువదేండ్లే దూరము. వర్ణసంకరమను భయము మన సొత్తు మాత్రమే కాదు. దేశమే ప్రమాణమన్న బోధాయనుని మాటకు గౌతముడు ఎందుకు ఒప్పుకొనలేదో ఇట్టివి చూచినపుడు నాకు అర్థమగుచుండును. దేశమే మారుచుండగా దేశమును ప్రమాణముగా పట్టుకొనుట ఎట్లు?

1998లో నగేశ్ కుకునూరుగారు తీసిన హైదరాబాద్ బ్లూస్ అను చిత్రము ఈ కథను రెండవ వైపునుండి చెప్పినది. అందులో అమెరికానుండి ఇంటికి వచ్చిన కొడుకునకు పెద్దలు పెండ్లిచూపులు ఏర్పాటు చేయుదురు. అతడు తన ఊరిలోనే పరదేశివలె తికమకపడును. 2002లో అమెరికాలోని గ్రీకు కుటుంబము పెండ్లిపట్టింపులమీద వచ్చిన హాస్యచిత్రమును దేశదేశములవారు తమ ఇంటి కథయే అనుకొని చూచిరి. ఇట్టి కథలు హాస్యములగుటకు కారణము కలదు. తప్పు చేసినవానిని నిందించినచో వాడు తలుపు వేసికొనును. నవ్వించినచో తలుపు తెరచియే యుండును. నవ్వు ముగిసిన పిమ్మట మాట లోపలికి పోవును. లుబ్ధావధాన్లను చూచి నవ్విన తండ్రి తన కూతురి పెండ్లి చేయునపుడు ఒక్క నిమిషమైన వెనుకాడి యుండును.

పదవీ విరమణానంతరము నాయొద్దకు జాతకములు చూపించుకొనుటకు వచ్చువారు కలరు. గాజువాక ప్రాంతపు గృహస్థు ఒకడు కూతురి జాతకముతో పాటు నాలుగు వరుల జాతకములు తెచ్చెను. నలువురును అమెరికాలోనివారే. పిల్లయు అక్కడనే ఉద్యోగము చేయుచున్నది. "ఆయన వృత్తి ఇది, జీతమిది, ఇల్లు ఇది" అని చెప్పుచుండగా, "పిల్ల ఏమన్నది నాయనా?" అని అడిగితిని. అతడు కొంతసేపు ఊరకుండి, "దాని మనసులో ఎవరో ఉన్నారు పంతులుగారూ, ఆ మాట అడిగితే నిజము చెప్పునని భయము" అనెను. నేను జాతకములను మూసి ఆయన చేతిలో పెట్టి, "మొదట ఆ మాట అడుగుము. నిజము చెప్పు కూతురు ఉండుట దోషము కాదు" అంటిని. ఆయన అడిగెనో లేదో తెలియదు. కాని అట్టి తండ్రులు మన పల్లెలలో ఎందరో కలరు.

దీనికి ప్రతిగా మరియొక అపాయము కలదు. పల్లెలోని పిల్లను సముద్రము దాటిన వరునకు ఇచ్చుటకు తొందరపడువారిని చూచుచున్నాము. వరుడు రెండు వారముల సెలవుమీద వచ్చును. చూపులు, నిశ్చితార్థము, పెండ్లి మూడును ఆ సెలవులోనే జరిగిపోవును. పొరుగూరి సంబంధమునకు ఏడు తరములు విచారించు మనము, పదివేల మైళ్ల సంబంధమునకు ఒక్క ఛాయాచిత్రము చూచి ఒప్పుకొనుచున్నాము. అతనికి ముందే పెండ్లి యైనదా, చెప్పిన ఉద్యోగము నిజమా, ఏ వీసామీద ఉన్నాడు, అక్కడ అతనిని ఎరిగినవారు ఎవరు అని విచారింపవలెను. పని వీసామీదనున్న వరుని వెంట పోవు పిల్లకు అక్కడ ఉద్యోగము చేయు హక్కు సామాన్యముగా వెంటనే రాదు. పెండ్లిని నమోదు చేయింపవలెను. 2002లో ఆంధ్రప్రదేశమున చేసిన చట్టము దానిని నిర్బంధము చేసినది. పరదేశమున పెండ్లాడు భారతీయులకు 1969 నాటి చట్టము కలదు. పత్రముల ప్రతులు పుట్టినింటను ఉండవలెను. రంగము పోయిన భర్తకొరకు ఏండ్లతరబడి ఎదురుచూచిన ఇల్లాండ్ర కథలు ఈ తీరమున మరల పుట్టరాదు.

శాస్త్రమేమనునని పెద్దలు నన్నడుగుదురు. గుణహీనునకు ఇచ్చుటకంటె కన్య మరణపర్యంతము పుట్టినింటనే యుండుట మేలని మనువు చెప్పెను. తండ్రి తగిన కాలమున పెండ్లి చేయనిచో ఆమె మూడేండ్లు వేచి తానే వరుని వరింపవచ్చుననియు, అందు ఆమెకు పాపము లేదనియు ఆ వెంటనే చెప్పెను. పరస్పరానురాగముచే కూడు గాంధర్వమును ఎనిమిది వివాహములలో ఒకటిగా లెక్కించెను. మన సర్వోన్నత న్యాయస్థానము 2018లో, వయస్సు వచ్చినవారు తమ జీవితభాగస్వామిని తామే ఎన్నుకొనుట వారి ప్రాథమిక హక్కు అని చెప్పినది. పాత స్మృతియు క్రొత్త తీర్పును అన్ని విషయములలో ఏకీభవింపవు. కన్య మనసు ఒక లెక్కలోనిది అనుటలో మాత్రము రెండును కలిసినవి.

పెద్దలారా! మన తీరమున నూటయేబదియేండ్లలో ఓలి పోయినది, కట్నము వచ్చినది, బాల్యవివాహము నేరమైనది, సముద్రయానము దోషమై యుండి గౌరవమైనది. ఇన్ని మారినను ఒక్కటి మారలేదు. ఇరువురు ఒకరి చేయి ఒకరు పట్టి మాట ఇచ్చుకొందురు. ఆ మాటను నిలుపుకొనినచో అది ఇల్లగును. ఆ మాట వాల్తేరులో ఇచ్చినను, డర్బనులో ఇచ్చినను, అమెరికాలో ఇచ్చినను దాని బరువు ఒక్కటే. వరుని కులగోత్రములు, జీతము, వీసా అడిగిన పిమ్మట, ఆ మాట నిలుపువాడా కాదా అను విచారము చేయుడు. అంతకంటె ముందుగా పిల్లను అడుగుడు. దూరమున నున్న బిడ్డతో టెలిఫోనులో మాటాడునపుడు ఎప్పుడు వచ్చెదవు, ఎవరిని చేసికొనెదవు అని తరువాత అడుగవచ్చును. నీ మనసులో ఏమున్నదో భయపడక చెప్పుమని మొదట అడుగుడు. అట్లడిగిన ఇంటికి బిడ్డ దూరము కాదు. సముద్రమెంత వెడల్పుగా ఉన్నను ఆమె ఆ ఇంటికే తిరిగి వచ్చును.